ఏడో నంబరు ఫోను మీద తెల్లరంగు

రాష్ట్రం విడిపోయిన కొన్నాళ్ళకు, ఒక జూన్ నెల మొదటి వారంలో, నన్ను కడప కార్యాలయం నుంచి ప్రొద్దుటూరికి బదిలీ చేశారు. హోదా సహాయ సాంకేతిక అధికారి. రిటైరు కావడానికి అప్పటికి పది నెలలుంది. ఆ పది నెలలు ఎవరి జోలికీ పోకుండా గడిపేసి, ఫైళ్ళు అప్పగించి ఇంటికి పోదామని నా ఆలోచన. ఉత్తర్వులో కొత్త పోస్టు పేరు 'బాధ్యాధికారి, ఉమ్మడి మొబైల్ పరీక్షా కేంద్రం' అని ఉంది. ఆ పేరు విన్నవాళ్ళలో సగం మంది నేను ఫోన్లు రిపేరు చేస్తానని, మిగతా సగం మంది ఫోన్లలో పిల్లలకు పరీక్షలు పెడతానని అనుకున్నారు. మా బావమరిది అయితే తన ఫోన్లో చార్జింగ్ నిలవడం లేదని ఆదివారం పూట ఇంటికే తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఆ కేంద్రం పనేమిటో ముందు చెప్పాలి. వెబ్‌సైటు అనేది అన్ని ఫోన్లలోనూ ఒకేలా కనిపించదు. తయారుచేసినవాడి పెద్ద ఫోన్లో చక్కగా ఉన్న పేజీ, ఇంకొకరి చిన్న ఫోన్లో కుదించుకుపోవచ్చు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కవచ్చు, ఒక పక్క తెగిపోవచ్చు. అందుకని ప్రజల చేతికి ఇచ్చే ముందు రకరకాల ఫోన్లలో తెరిచి చూసుకోవాలి. అన్ని ఫోన్లు కొనే స్తోమత చిన్న ఊళ్ళలో సైట్లు చేసేవాళ్ళకు ఉండదు. కాబట్టి కొత్తవి కొన్ని ప్రభుత్వం కొని, పాతవి కొన్ని ఊరివాళ్ళ దగ్గర దానంగా తీసుకొని, ఒక గదిలో పెట్టి, ఎవరైనా వచ్చి ఉచితంగా పరీక్షించుకోవచ్చన్నారు. ఆలోచన నిజంగా మంచిది. ఈ మాటలో వెటకారం లేదు.

మెయిన్ బజారు వెనక పాత దూది గోడౌను మేడమీద గది ఇచ్చారు. పొడుగాటి బల్ల, దానిమీద పదకొండు ఫోన్లు. ఆరు కొత్తవి, ఐదు దానం వచ్చినవి. ఏడో ఫోను ఒక బంగారు అంగడి యజమానిది. అరచేతిలో ఇమిడే చిన్న ఫోను. శాలువా కప్పించుకొని మరీ ఇచ్చాడు. వారం తిరక్కుండా వచ్చి, అందులో కూతురి నిశ్చితార్థం ఫోటోలు ఉండిపోయాయి, ఒక్కసారి ఇస్తే తీసుకుంటానన్నాడు. మా సూపరింటెండెంట్ నాగిరెడ్డి ఆయన చేత దరఖాస్తు రాయించుకున్నాడు. దానం చేసిన క్షణం నుంచి అది ప్రభుత్వ ఆస్తి అట. పాపం పెద్దాయన తన ఫోనును చూడటానికి తానే మూడు రోజులు అనుమతి కోసం తిరిగాడు.

ఈ నాగిరెడ్డి గురించి రెండు మాటలు. పులివెందుల పక్క పల్లెలో పెద్ద చీనీతోట, అంటే బత్తాయి తోట, ఉన్న ఇంటి మనిషి. జీతం కోసం పనిచేయాల్సిన అవసరం లేదు, రిజిస్టర్ల మీద ప్రేమతో చేసేవాడు. ప్రభుత్వ కార్యాలయంలో ఏ కుర్చీ వెనకైనా చూడండి, తెల్లరంగుతో ఒక నంబరు రాసి ఉంటుంది. నిల్వ రిజిస్టరులో ఆ వస్తువు ఎక్కిన నంబరు అది. ఆడిట్ వాళ్ళు రిజిస్టరు ఒక చేత్తో పట్టుకొని, కుర్చీలు తిప్పి చూసుకుంటూ పోతారు. నంబరు ఉంటే వస్తువు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నాగిరెడ్డి ఫోన్లకూ అదే చేయాలన్నాడు.

ఫోను వెనక చిన్న చీటీ అతికిస్తే పోదా అన్నాను. చీటీ ఊడుతుందన్నాడు. సరే, వెనకే రంగుతో రాయిద్దామన్నాను.

"వెనక మూత ఊడొస్తాది సార్. మూత మనదీ, ఫోను ఇంకొకరిదీ అయితే ఆడిట్‌కు నేనేం చూపాల? ఊడిరాని చోటే రాయాల," అన్నాడు.

ఊడిరాని చోటు అంటే ముందువైపే. వాదించే ఓపిక నాకు లేదు, పది నెలల మనిషిని. 'ముందువైపు, దిగువ భాగమున' అని నోట్ పెట్టాడు, నేను సంతకం చేశాను.

రాయడానికి ఎర్రగుంట్ల నుంచి ఖాదర్ బాషా వచ్చాడు. సిమెంటు లారీలకు నంబర్లు రాసే చెయ్యి అది. అరమైలు దూరం నుంచి కనిపించేట్టు రాయడం అతని గొప్ప. ఫోను చేతిలో పెడితే రెండువైపులా తిప్పి చూసి, "ఇంత చిన్న బండి మీద నేనెప్పుడూ రాయలా సార్," అని నవ్వాడు. శ్రద్ధగానే రాశాడు, తప్పు పట్టలేను. కొత్త ఫోన్లలో అద్దం కింద కాస్త నల్లటి అంచు ఉంది, అక్షరాలు అందులో సరిపోయాయి. దానం వచ్చిన చిన్న ఫోన్లలో అంచు సన్నం. ముఖ్యంగా ఏడో నంబరులో. శాఖ పేరు పొట్టిగా, ఒక గీత, ఏడు అంకె, మళ్ళీ ఒక గీత, ఇవన్నీ పట్టేసరికి రంగు అద్దం మీదికి వేలెడు మేర ఎక్కింది. నాగిరెడ్డి చూసి బాగుందన్నాడు. అడ్డం వస్తుందేమో అని నాకు అనిపించింది. అనిపించింది, అంతే.

జనం వచ్చేవాళ్ళు. పులివెందుల నుంచి చీనీకాయల వ్యాపారి ఒకాయన తన సైటు చేసే మనిషిని వెంటబెట్టుకొని వచ్చి, ధరల పట్టిక ప్రతి ఫోన్లోనూ చూసుకొని పోయాడు. గండి ఆంజనేయస్వామి దగ్గర భక్తులకు గదులు అద్దెకిచ్చే వాళ్ళు వచ్చారు. ప్రతి ఫోనులోనూ సైటు తెరిచి, చివరిదాకా నడిపించి, పరీక్షా పత్రంలో ఆ ఫోను నంబరు ఎదురుగా టిక్కు పెట్టాలి. గడులు రెండే: పనిచేసింది, పనిచేయలేదు. చిన్న ఫోన్లలో పేజీ అడుగు కొంచెం రంగు కింద పోయేది. "ఆడ ఏముంది సార్?" అని అడిగితే, "పేజీయే, రంగు కింద ఉంది," అని చెప్పేవాణ్ణి. రెండు నెలలకు అది నాకు అలవాటైపోయింది. ఏది కనబడకపోయినా రంగు కింద ఉందనే మాట నోటికి వచ్చేసేది.

సెప్టెంబరులో కడప నుంచి అసలు పని వచ్చింది. ఒక శాఖ, పేరు ఎందుకులెండి, జిల్లాలోని తన హాస్టళ్ళలో ఏళ్ళ తరబడి దినకూలీ మీద వంట చేస్తున్న ఆడవాళ్ళ నుంచి రెగ్యులర్ పోస్టులకు దరఖాస్తులు పిలిచింది. దరఖాస్తు మొబైల్ ఫోనులోనే పెట్టాలి. నెట్ సెంటర్లో కంప్యూటరు మీద తెరిస్తే 'దయచేసి మొబైల్‌లో చూడండి' అని వస్తుంది. దళారులు దూరకుండా ఇంకొక ఏర్పాటు కూడా చేశారు: ఒక ఫోను నుంచి ఒకే దరఖాస్తు. మొదటి పేజీ నింపగానే ఆ మనిషికీ ఆ ఫోనుకూ ముడి పడిపోతుంది, తర్వాత ఫోను మార్చడానికి లేదు.

సైటు మాకు మధ్యాహ్నం మూడింటికి చేరింది. సాయంత్రానికి ధ్రువపత్రం కావాలన్నారు. మరుసటి రోజు ప్రారంభోత్సవం, ఫ్లెక్సీలు అప్పటికే కట్టేశారట. నేనే కూర్చున్నాను. ఆరు ఫోన్లలో సాఫీగా పోయింది. ఏడో దాంట్లో దరఖాస్తు మొత్తం నింపి కిందికి జరిపితే, చివర 'సమర్పించు' అనే బటను కనిపించలేదు. రంగు కింద ఉందనుకున్నాను. ఖాదర్ రాసిన అంకె మీద వేలుపెట్టి నొక్కాను. పేజీ కొంచెం కదిలినట్టయింది. కదిలింది కదా అని 'పనిచేసింది' గడిలో టిక్కు పెట్టి, పక్కన నా మనశ్శాంతి కోసం 'బటను రంగు కింద ఉన్నట్టు భావించడమైనది' అని చిన్న అక్షరాలతో రాశాను. 'భావించడమైనది' అనే మాటలో గొప్ప సుఖముంది. భావించినవాడు ఎవడో అందులో ఉండడు. ధ్రువపత్రం ఐదున్నరకు పోయింది. మర్నాడు సైటు పైభాగాన, అందరికీ కనిపించేలా, 'ఈ సైటు ప్రొద్దుటూరు కేంద్రంలో అన్ని రకాల ఫోన్లలోనూ పరీక్షింపబడినది' అని వేశారు. చదువుకొని నేను కాస్త పొంగిపోయాను కూడా.

దరఖాస్తుల ఆఖరు రోజు. సాయంత్రం ఐదు వరకు గడువు. పొద్దున పదకొండు గంటలప్పుడు నలభై దాటిన ఒకామె మెట్లెక్కి వచ్చింది. జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చానంది, పేరు సువార్తమ్మ. వాళ్ళవ్వ మిషన్ బడిలో టీచరుగా చేసిందట. ఈమె అక్కడి హాస్టల్లో పన్నెండేళ్ళుగా వంట మనిషి. సంచిలోంచి గుడ్డలో చుట్టిన ఫోను తీసింది.

"ఈడనే కదా సార్ అన్ని ఫోన్లూ చూసి బాగుండాదని రాసినారు? నా ఫోన్లో చూడండి. కింద బటను ల్యా. నాలుగు దినాలాయ నొక్కుదామని చూస్తాండా, నొక్కేదానికి ఏమీ ల్యా," అంది.

ఫోను తుడిచి చూడమన్నాను. తుడిచింది. ఆపి మళ్ళీ ఆన్ చేయమన్నాను. చేసింది. మా వృత్తిలో ఈ రెండూ మంత్రాల్లాంటివి, పనిచేయకపోయినా చెప్పినవాడికి పరువు నిలబడుతుంది. బటను రాలేదు. పేజీ అడుగున తెల్లగా ఖాళీ, అంతకంటే కిందికి జరగదు.

"ఈ నెల దాటితే నాకు వయసు అయిపోతాది సార్," అంది. "ఇంగ ఈ జన్మకు కూలిమనిషినే."

అప్పుడు ఆమె ఫోనును సరిగ్గా చూశాను. ఏడో నంబరు ఫోనూ, అదీ ఒకటే రకం. ఒకే కంపెనీ, ఒకే కొలత. ఏడో నంబరు తెచ్చి పక్కన పెట్టి సైటు తెరిచాను. అడుగున రంగు. రంగు కింద ఏముందో ఇన్ని నెలలుగా అందరికీ చెబుతూ వచ్చింది నేనే.

ముందు కడపకు ఫోన్ చేశాను. మా పై అధికారి కోస్తా మనిషి, ఎంత కోపమొచ్చినా 'అండీ' వదలడు. "అన్ని ఫోన్లలోనూ పనిచేసిందని మీరే రాశారు కదండీ? మీ సంతకం నా ముందే ఉందండీ. ఆవిడ ఫోనులోనే ఏదో లోపమై ఉంటుందండీ," అన్నాడు. అంటే, ఆమె మాటకు అడ్డంగా నిలబడ్డది నా సంతకమే. చెట్టంత మనిషి ఎదురుగా ఉండగానే, ఆమె అబద్ధమని నా కాగితం చెబుతోంది.

సొరుగులో పెన్సిళ్ళు చెక్కుకునే సగం బ్లేడు ఉంటే తీశాను. నాగిరెడ్డి తన బల్ల దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"ఏం చేస్తాండారు సార్? నంబరు గీకితే ఆ ఫోను రిజిస్టర్లో లేనట్టే. ఉండే వస్తువును లేకుండా చేస్తాండారు మీరు."

"లేని బటన్ను ఉన్నట్టు చేశాను నాగిరెడ్డీ. దానికంటే ఇది చిన్న తప్పే," అన్నాను.

గీకాను. ఖాదర్ మంచి రంగు వాడాడు, ఒక పట్టాన రాలేదు. ముందు గీత పోయింది, తర్వాత ఏడు అంకె పోయింది. అద్దం మీద రెండు గాట్లు పడ్డాయి. సువార్తమ్మ బల్ల మీదికి వంగి చూస్తోంది. నాగిరెడ్డి కూడా వంగి చూశాడు. రంగు కింద తెల్లటి ఖాళీ తప్ప ఏమీ లేదు. బటను అక్కడ ఎప్పుడూ లేదు. చిన్న అద్దాలున్న ఫోన్లలో పేజీ అడుగు తెగిపోయి, బటను అంచు బయటే ఉండిపోయింది. ఆ తప్పు పట్టడానికే ప్రభుత్వం మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టింది. ఆ తప్పు కనబడే చోటే మేము మా నంబరు రాసుకున్నాం.

ఎనిమిది నుంచి పదకొండు దాకా మిగతా చిన్న ఫోన్లలో నేను ఆ సాయంత్రం ఏం చేశానో మీరు అడగకముందే చెప్పేస్తాను. ఏడులో ఎలాగూ పోయింది కదా అని ఒకేసారి నాలుగు టిక్కులు పెట్టాను.

ఇక రాయక తప్పదు. 'నేను జారీచేసిన ధ్రువపత్రం తప్పు. చిన్న ఫోన్లలో సమర్పించు బటను రావడం లేదు. గడువు పొడిగించి సైటు సరిచేయవలసినది' అని రాసి, నా పేరు, హోదా పెట్టి, ఒంటిగంటన్నరకు కడపకు పంపాను. నకలు మీద ముద్ర వేసి సువార్తమ్మ చేతికిచ్చాను. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. "అయితే నా ఫోను బాగానే ఉండాది," అంది. పోస్టు గురించి కాదు, మొదట ఫోను గురించే. నాలుగు రోజులుగా ఆ చిన్న వస్తువును, తననూ ఎంత తిట్టుకుందో నాకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

ఐదుకు పది నిమిషాలుండగా సైటు పైన ఎర్ర అక్షరాలు వచ్చాయి. 'ప్రజల నుంచి విశేష స్పందన రావడం వల్ల దరఖాస్తుల గడువు వారం రోజులు పొడిగించడమైనది.' బటను ప్రస్తావన లేదు. నా ఉత్తరం ప్రస్తావన లేదు. చదివి నాగిరెడ్డీ నేనూ మొహాలు చూసుకున్నాం. ఆఖరికి ఆయనే, "పోనీలే సార్, స్పందన ఒకరిదైనా స్పందనే గదా," అన్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి సైటు సరిచేశారు. సువార్తమ్మ హాస్టల్ వంటింట్లో నుంచి ఫోన్ చేసింది. వెనకాల పొయ్యి చప్పుడు, గిన్నెల చప్పుడు. "బటను వచ్చినాది సార్! నొక్కినా! నంబరు కూడా ఇచ్చినారు!" అని అరిచింది.

రెండు వారాలకు నాకు చార్జ్ మెమో వచ్చింది. తప్పుడు ధ్రువపత్రం ఇచ్చినందుకని మీరు అనుకుంటే మీకు ప్రభుత్వ సర్వీసు తెలియదు. దానికి సంజాయిషీ అడిగితే సైటు చెడిపోయిందని ఒప్పుకోవాలి, విశేష స్పందన ఏమైపోతుంది? అభియోగం 'ప్రభుత్వ ఆస్తిపై గల నిల్వ సంఖ్యను బ్లేడుతో చెరిపివేయుట' అని. అభియోగం అబద్ధం కాదు. చెరిపానని ఒప్పుకుంటూ జవాబు రాశాను. మందలింపుతో వదిలేశారు.

మార్చి ఆఖరున రిటైర్మెంటు. అప్పగింతల రోజు నాగిరెడ్డి రిజిస్టరు చదువుతూ పోతున్నాడు, నేను ఫోన్లు ఒక్కొక్కటే చూపిస్తున్నాను. ఏడో నంబరు దగ్గర ఆగాడు. ఫోను నా అరచేతిలోనే ఉంది. "నంబరు ల్యా సార్. ఏడు లేదని రాయాల," అన్నాడు. ఆయన మొహంలో బాధ నిజంగానే ఉంది. లేదని రాస్తే నాకు బాకీ లేదనే పత్రం రాదు, అది లేకపోతే పింఛను కాగితాలు కదలవు. మళ్ళీ ఎర్రగుంట్లకు కబురు పెట్టాం. ఖాదర్ బాషా వచ్చాడు. ఈసారి వెనక రాయప్పా అన్నాను. రిజిస్టర్లో 'ముందువైపు, దిగువ భాగమున' అని ఉందన్నాడు నాగిరెడ్డి. ఆ నోట్ మీద సంతకం నాదే. బ్లేడు గాట్లు కనబడకుండా రెండు పూతలు ఎక్కువ వేసి, ఖాదర్ అదే చోట ఏడు అంకె రాశాడు. ఆరేదాకా కూర్చొని, నా పత్రం తీసుకొని ఇంటికి వచ్చాను.

ఇంతటితో ఆపితే కథ నాకు అనుకూలంగా ఉంటుంది. కానీ ఆ మరుసటి ఏడాది శ్రావణమాసంలో గండికి పోయి, తిరుగు దారిలో పులివెందులలో ఆగాను. సువార్తమ్మకు రెగ్యులర్ పోస్టు వచ్చిందనీ, అక్కడి హాస్టల్లో వేశారనీ తెలుసు. చూసి పోదామనిపించింది. ఆమె ఎంతో సంతోషపడి, కూర్చోబెట్టి, రాగిసంగటి, పప్పు పెట్టింది. పక్కన ఇంకొకామె ఉల్లిగడ్డలు తరుగుతోంది. పేరు ఓబుళమ్మ. ఆ హాస్టల్లో తొమ్మిదేళ్ళుగా కూలి మీద వంట చేసేదట. రెగ్యులర్ మనిషి వచ్చాక, ఇప్పుడు సువార్తమ్మకు సహాయకురాలు.

నువ్వు దరఖాస్తు పెట్టలేదా అమ్మా అని మాటవరసకు అడిగాను.

ఆమె కత్తిపీట మీద నుంచి తల ఎత్తలేదు. "పెట్టబోయినా సార్. నా ఫోన్లో కింద బటను రాల్యా. పైన రాసినారు గదా, అన్ని ఫోన్లలో చూసినామని. ఇంగ నా ఫోనే బాగలేదులే అనుకున్నా. మళ్ళా వారం దినాలు పెంచినారని చెప్పిరి. శానామంది వేసినారంట, ఇంగ మనకేడ వస్తాదిలే అని ఊరుకున్నా. ఇప్పుడు వయసు దాటిపోయ."

నీ ఫోను బాగానే ఉందమ్మా, తప్పు నాదే, అన్నాను.

ఓబుళమ్మ అప్పుడు తల ఎత్తి నన్ను చూసింది. "ఇప్పుడు చెప్తాండారా?" అంది. అని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. సువార్తమ్మ లోపలికి పోయింది. నేను చెయ్యి కడుక్కున్నాను.

ఆ పది నెలల్లో నేను నేర్చుకున్నది ఇంతే. కనిపించనిదాన్ని కనిపించలేదనే రాయాలి. ఆ మాటకు కాగితంలో గడి లేకపోతే, స్కేలు పెట్టి ఒక గడి గీసుకోవాలి. నా సర్వీసంతా నా బల్ల మీద స్కేలు ఉండింది.